టిక్కు

కేజీహెచ్‌లో నా ఉద్యోగం మాట్లాడకుండా కూర్చోవడం.
యూరాలజీ ఓపీ, పదకొండో నంబరు గది, మూలన స్టూలు,
అరచేతిలో ఇమిడే స్టీలు మీట.
డాక్టరు నోట రోగికి తెలియని మాట దొర్లితే
బొటనవేలు ఒకసారి నొక్కాలి.
టిక్కు.
విప్పి చెబితే కుడి గడిలో గీత,
చెప్పకపోతే ఎడమ గడిలో.
మూడు నెలలకి ఎడమ గడులు నల్లబడిపోయాయి.
కుడి గడులు
సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి.

డాక్టర్ విశారద గారు మంచి మనిషి.
ఒంటిగంటలోగా తొంభై మందిని చూస్తారు,
దగ్గు ఆగని ముసలాయనకి తన సీసాలో నీళ్ళిస్తారు.
ఆవిడ మాట్లాడేది తెలుగే.
"అండీ" తెలుగు. "కదా" తెలుగు. "అయితే" తెలుగు.
"ప్రోస్టేట్ ఎన్లార్జ్ అయిందండీ, రిటెన్షన్ ఉంది కదా,
అయితే కేథటర్ పెట్టి అబ్జర్వ్ చేద్దాం."
అయిదు.

మొదట్లో నాతో నాకే తగువు.
బీపీకి నొక్కాలా? షుగరుకి?
అవి రేషను కార్డుకెక్కని ఇంటి మనుషులు.
గ్యాసంటే సరే,
గుండెపోటుక్కూడా మా వీధిలో అదే పేరు.

ఒకరోజు ఆవిడ నా కాగితం చూసి నొచ్చుకున్నారు.
మర్నాడు అచ్చతెలుగులో మొదలెట్టారు:
"మూత్రాశయ గ్రీవం వద్ద అవరోధం ఏర్పడి..."
రోగి చేతులు జోడించాడు,
పురాణం వింటున్నట్టు.
నా వేలు గాల్లోనే ఆగిపోయింది.

గరికిన ఎర్రయ్య, అరవై ఏడు, పెదజాలారిపేట.
ఆరు నిమిషాలు కూర్చున్నాడు, ఇరవై మూడు టిక్కులు.
పంతొమ్మిదిసార్లు తలూపాడు.
తలూపులకి నా కాగితంలో గడి లేదు.

బయట వరండాలో బెంచీ మీద పట్టుకున్నాడు నన్ను.
"అదేటి బావూ,
డాటరమ్మ నోరిప్పితే సాలు, నీ సేతిలో పిట్ట కూత్తంది?"
"మీకు తెలీని మాటలు లెక్కపెడుతున్నాను."
ఆయన నవ్వలేదు.
"నాకు తెల్దని నీకెవులు సెప్పినారు?"

కాగితం తీసి ఒక్కొక్కటే అడిగాను.
కేథటరా?
"గొట్టం. మా తమ్ముడు నాలుగు నెల్లు మోసినాడు."
ప్రోస్టేటు?
"మగోల్లకే ఉంటాది, ముసిలైతే ఉబ్బుతాది."
బయాప్సీ?
"ముక్క తీసి సూత్తారు. నా ముక్క తీసినారు గదా,
నాకు తెల్దేటి?"
ఇరవై మూడులో పదిహేడు రాలిపోయాయి.

లేవబోతుంటే కండువా కొస పట్టుకు మెలేస్తూ అన్నాడు,
"ముక్క రిపోటు నెగిటివన్నాది.
ఇంక నాబం నేదనే గదా?
రేపు కాలీ కడుపున రమ్మంది.
టీ తాగొచ్చునా?"

ఆ రెండు మాటలకీ నేను నొక్కలేదు.
ఖాళీ కడుపు తెలుగు మాటే కదా అనుకున్నాను.
నెగెటివ్, కరోనా తరవాత, ఊరందరి మాట అనుకున్నాను.
"కరోనాకి నెగిటివంటే మంచిదే," అన్నాడు ఎర్రయ్య,
"ఇది కరోనా కాదు గదా."

పరిశీలకులు రోగులతో మాట్లాడరాదు.
సంతకం పెట్టాను, మొదటి పేజీలోనే ఉంది.
"మంచిదే," అన్నాను. "గడ్డ చెడ్డది కాదు.
టీ కూడా వద్దు. మంచినీళ్ళు కూడా,
అక్కడ మళ్ళీ అడగండి."
"మంచిదేనా?"
"మంచిదే."
మళ్ళీ అడిగాడు.

రెండొందల పన్నెండో కాగితం మీద అడ్డంగా గీత గీసి
కారణం అన్న చోట రాశాను:
పరిశీలకుడు మాట్లాడినందున చెల్లదు.

ఎర్రయ్య కిటికీ దగ్గర నిలబడి ఫోను చేశాడు.
రేవులో ఏదో ఓడ కూత, దాని మీదుగా అరుస్తున్నాడు,
రేపు పడవ దింపొద్దని, ఎందుకు దింపొద్దో.
ఒక వల పేరు, ఒక చేప పేరు,
రెండు గాలుల పేర్లు నాకు అర్థం కాలేదు.
జేబులో వేలు దానంతటదే కదిలింది.
నాలుగు.
ఆయన అటు తిరిగే మాట్లాడుతున్నాడు,
నేను తలూపుతూ నిలబడ్డాను.